తాడు చాలని దీపం

నా చిన్నప్పుడు మా ఇంటి జొన్నలు ఇంట్లో ఉండేవి కావు, వాకిలి ముందు నేల కింద ఉండేవి. ఈ మాట చెబితే మా మనవరాళ్లు పకపకా నవ్వుతారు. ధాన్యాన్ని ఎవరైనా పాతిపెడతారా అని అడుగుతారు. మేము పాతిపెట్టేవాళ్లం. తిమ్మాజిపేట నుంచి నాగర్‌కర్నూలు పోయే బండ్ల బాటకు కాస్త ఎడంగా ఉండేది మా ఊరు. అక్కడ కొద్దో గొప్పో పండించే ప్రతి రైతు ఇంటి ముందూ ఒక పాతర ఉండేది. గట్టి మొరం నేలలో కుండ ఆకారంలో తవ్విన గొయ్యి అది. పైన మూతి ఇరుకు, కింద కడుపు వెడల్పు. లోపల చుట్టూ జొన్నసొప్ప పేర్చి, జొన్నలు నింపి, మూతి మీద బండ పెట్టి మట్టితో మెత్తేవారు. ఎలుకలు చేరవు, పురుగు పట్టదు. వానలు ముఖం చాటేసిన ఏడు కూడా ఆ జొన్నలతోనే మా పొయ్యి వెలిగేది.

పాతర తీసే రోజంటే పిల్లలకు సంబరం. బండ పక్కకు జరపగానే లోపలి నుంచి వెచ్చటి పులిసిన వాసన గుప్పుమని కొట్టేది. పెద్దవాళ్లు ముక్కు మూసుకుని వెనక్కి జరిగితే మేము ముందుకు తోసుకునేవాళ్లం. పాతర నిండుగా ఉన్నన్నాళ్లూ పైనుంచే గంపతో తోడుకోవచ్చు. సగానికి వచ్చాక మనిషి లోపలికి దిగి గంపలు నింపి పైకి అందించాలి. చివరికి అడుగున కాసిని జొన్నలు మిగిలినప్పుడు, గోడల వారన సొప్పలో ఇరుక్కున్న గింజలను ఊడ్చే పని మాత్రం పిల్లలది. ఇరుకు మూతిలోంచి పిల్లలైతే సులువుగా దిగుతారు, వాళ్ల చెయ్యి మూలమూలకూ పోతుంది. ఇది మా ఒక్క ఇంటి పద్ధతి కాదు, ఊరంతా అలాగే చేసేది.

ఆ పనికి మాకు ప్రతిఫలం ఉండేది. అడుగు ఊడ్చిన పిల్లలకు ఒడి నిండా జొన్నలు ఇచ్చేవారు. అవి దుకాణానికి తీసుకుపోతే పుట్నాలు, బెల్లం ముక్క చేతిలో పడేవి. అందుకని పాతర తీస్తారని తెలిస్తే చాలు, నేనంటే నేనని పిల్లలం కొట్లాడుకునేవాళ్లం. నేనూ ఒకసారి దిగాను. నడుముకు తాడు కట్టి దించితే, అరచేతులతో సొప్ప తడుముకుంటూ గింజలన్నీ పోగు చేసి, చీపురుతో ఊడ్చి, మహారాణిలా పైకి వచ్చాను. మరుసటి ఏటికి నేను పెరిగాను. సొప్ప సందుల్లోకి ఇంకా చిన్న చెయ్యి కావాలని చెప్పి మా తమ్ముడికి ఆ పని ఇచ్చారు. వాడికి ఇంకా పాలపళ్లు ఊడలేదు.

మా తాతయ్య అజాగ్రత్త మనిషి అయి ఉంటే ఈ సంగతి చెప్పడం నాకు ఇంత కష్టమయ్యేది కాదు. ఆయనంత ముందుచూపు ఉన్నవాళ్లను నేను తక్కువగా చూశాను. కొడవలి చూరులో చెక్కినా మా చేయి అందనంత ఎత్తున చెక్కేవాడు. ఎడ్లబండి కదిలేముందు చక్రాల కింద వంగి చూసిగానీ ఎడ్లను అదిలించేవాడు కాదు. పాతర గాలి మనిషిని పడగొడుతుందని ఆయనకు బాగా తెలుసు. ఎవరినైనా దించేముందు కందీలు వెలిగించి, తాడు కట్టి లోపలికి వదిలేవాడు. కందీలంటే లాంతరు. ఆ తాడు ఆయన తండ్రి నాటిది. పాతర అడుగున మనిషి నిలబడితే అతని ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడికి దీపం వచ్చేటట్టు కొలిచి కోసిన తాడు. దీపం నిలకడగా వెలిగితే మనిషి దిగవచ్చు. రెపరెపలాడితే బండ తీసి ఉంచి, గాలి ఆడాక మళ్లీ చూడాలి. మా ముత్తాత కాలం నుంచి ఆ కొలత ఒక్కసారి కూడా తప్పలేదట. తప్పని కొలతను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

అవి యుద్ధం రోజులు. మాకు యుద్ధమంటే దీపాలకు పోసే గ్యాస్‌నూనె, అదే కిరోసిన్, దొరకకపోవడమే. మిరుగం, అదే మృగశిర కార్తె, ఇంకా రాలేదు కానీ ఆకాశం నిండా మబ్బులు పట్టాయి. ఇంట్లో జొన్నలు అయిపోయాయని ఆ ఉదయం పాతర బండ తీశారు. మా నాయన బండి కట్టుకుని వనపర్తి పోయాడు, అమ్మ చెలకలో జొన్నకొయ్యలు ఏరడానికి పోయింది. ఇంటి దగ్గర తాతయ్య, అవ్వ, మా జీతగాడు, మేమిద్దరం ఉన్నాం. మధ్యాహ్నం దాకా గాలి ఆడనివ్వాలని తాతయ్య ఉద్దేశం. ఇంతలో ఉరుము వినబడింది. పాతరలోకి వాన దిగిందంటే అడుగు జొన్నలతోపాటు పాతర కూడా పాడవుతుంది. తాతయ్య కందీలు వదిలి చూశాడు. దీపం కదలకుండా వెలిగింది. దాన్ని అలాగే లోపల వేలాడదీసి, తమ్ముడి నడుముకు తాడు తనే కట్టి, ముడి లాగి చూసుకుని, జీతగాడి చేత మెల్లగా దింపించాడు.

మా తమ్ముడు వాగుడుకాయ. నిద్రలో తప్ప వాడి నోరు మూతపడేది కాదు. దిగుతూ మాట్లాడాడు, దిగాక మాట్లాడాడు. పాతరలో వాడి గొంతు గుమ్మటంలో పలికినట్టు పలికింది. "మస్తుగున్నయి తాతా జొన్నలు" అని అరిచాడు. నేను మూతి పక్కనే బోర్లా పడుకుని వింటున్నాను. కాసేపటికి, "తాతా, దీపం మీదనే ఉంది. ఈడ చీకటిగుంది. జర కిందికి దించు" అన్నాడు. తాతయ్య నవ్వాడు. "తాడు గంతే ఉంది బిడ్డా. కనబడినకాడికి ఊడ్సి జల్ది రా, వానొస్తుంది" అన్నాడు.

నేను ఎన్నో మాటలు మరిచిపోయాను. నా పెళ్లిలో ఎవరేమన్నారో గుర్తులేదు. ఈ రెండు మాటలు మాత్రం, ఒకటి కింది నుంచి, ఒకటి పై నుంచి, ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. పిల్లవాడు చెప్పవలసింది చెప్పాడు. దీపం ఉన్న చోట తను లేడని చెప్పాడు. ఆ మాట పైన ఉన్న మా ఎవరికీ ఎక్కలేదు. చీకటంటే భయపడుతున్నాడని అనుకున్నాం.

తర్వాత వాడు మాట ఆపాడు. తాతయ్య పేరు పెట్టి పిలిచాడు. పలకలేదు. దీపం దించలేదని అలిగాడేమోనని అవ్వ అంది. వాడికి అలకలు మామూలే. తాతయ్య మళ్లీ పిలిచాడు, ఈసారి గొంతు మారింది. లాగమని జీతగాడికి చెప్పి తనూ తాడు పట్టాడు. తాడు బిగిసింది, బరువుగా పైకి వచ్చింది, మూతి దగ్గర ఆగిపోయింది. తెలివి ఉన్న పిల్లవాడైతే చేతులు పైకెత్తి వస్తాడు. తెలివి తప్పిన పిల్లవాడి చేతులు వేలాడి అంచుకు అడ్డం పడ్డాయి. జీతగాడు లోపలికి దూకబోతే తాతయ్య అతని చేయి పట్టి ఆపాడు, దూకినవాడు తిరిగి రాడని ఆయనకు తెలుసు. తనే తల కిందికి పెట్టి నడుము దాకా మూతిలోకి వంగి, ఒక్కొక్క చెయ్యీ సర్ది, పిల్లవాడిని బయటికి తీశాడు. వాడి ముఖం నీలంగా ఉంది. పెదవులకు జొన్నపొట్టు అంటి ఉంది.

నీళ్లు చల్లారు, అరికాళ్లు రుద్దారు, ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. వీపు మీద తాతయ్య అరచేత్తో చరిచిన చప్పుడు వీధి చివరి దాకా వినబడింది. చాలాసేపటికి వాడు ఒక ఎగశ్వాస తీశాడు. ఆ శ్వాస విని అవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది. బతికాడని అందరం అనుకున్నాం. అమ్మ చెలక నుంచి పరుగెత్తుకుంటూ వచ్చేసరికి వాడు ఎదురింటి వాళ్ల బండిలో తాతయ్య ఒళ్లో ఉన్నాడు. అప్పటికి వాన మొదలైంది. ఆ వానలోనే నాగర్‌కర్నూలు దవాఖానకు తీసుకుపోయారు.

తమ్ముడు తిరిగి వచ్చాడు. కానీ మునుపటి తమ్ముడు రాలేదు. కుడికాలు ఈడ్చి నడిచేవాడు, చేతిలో గిన్నె నిలిచేది కాదు. మాట పూర్తిగా పోయి ఉంటే ఒక రకంగా నయమని అమ్మ అనేది. అది పోలేదు. ఒక్కో మాట కోసం వాడు వెతుక్కునేవాడు, దొరక్కపోతే మా ముఖాల్లోకి చూసేవాడు. వాగుడుకాయ అని తిట్టిన నోళ్లన్నీ వాడి మాట కోసం ఎదురుచూస్తూ కూర్చునేవి. ఊపిరి ఆడక మెదడు దెబ్బతిందని, పిల్లవాడు ఇంకా చిన్నవాడు కాబట్టి కొంత బాగుపడవచ్చని డాక్టరు చెప్పాడట. కొంత బాగుపడ్డాడు. ఆ కొంత దగ్గరే ఆగిపోయాడు.

ఊరు మంచిదే. పరామర్శకు వచ్చినవాళ్లంతా మా తాతయ్యకు ఊరట చెప్పాలనే వచ్చారు. పాతర తీసేముందు కోడిని కొయ్యలేదు గనక భూతల్లి పట్టిందని ఒకరన్నారు. గాలి సోకిందని ఇంకొకరన్నారు. పిల్లవాడి రాత అంతేనని అందరూ అన్నారు. ఆ మాటల్లో దేన్ని ఒప్పుకున్నా మా తాతయ్య తలెత్తుకుని తిరగవచ్చు. ఒక కోడి, ఒక కొబ్బరికాయతో సరిపోయేది. ఆయన మాత్రం అరుగు మీద కూర్చుని నేల చూస్తుండేవాడు.

ఒకరోజు పొద్దున ఆయన పాతర బండ మళ్లీ తీయించాడు. అంతకుముందు దాన్ని అలాగే మూసి ఉంచారు. జొన్నల కోసం కాదని నాకు అర్థమైంది, గంప తేలేదు. కందీలు వెలిగించి పాత తాడుతో వదిలాడు. దీపం వెలిగింది. పైకి తీశాడు. నీళ్లు చేదే బొక్కెన తాడు తెచ్చి పాత తాడుకు ముడివేసి మళ్లీ వదిలాడు. పాత తాడు అయిపోయే దాకా దీపం నిలకడగా ఉంది. ముడి దాటి కొంచెం దిగగానే మంట చిన్నదైంది. ఇంకొంచెం దిగగానే ఆరిపోయింది. ఆయన నమ్మలేదు. మళ్లీ వెలిగించి వదిలాడు, మళ్లీ అక్కడే ఆరింది. అప్పుడు తాడును ఆ చోట పట్టుకుని పైకి లాగి, పాతర ఎంత లోతో అంత నేల మీద పరిచి చూశాడు. నన్ను దాని అడుగు కొసకు కాళ్లు ఆనేటట్టు పక్కన పడుకోమని, తమ్ముడి ఎత్తు నాలో ఎంతవరకు వస్తుందో చూపించమన్నాడు. నేను నా రొమ్ము మీద చేయి పెట్టాను. దీపం ఆరిన చోటికి దిగువనే ఉంది మా తమ్ముడి తల. తాతయ్య తాడు వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడు. పెద్దవాళ్లు అంత గట్టిగా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

ఆ మర్నాడు ఊరి పెద్ద ఒకాయన వచ్చి, శాంతి చేయించమని, కోడిని తను తెప్పిస్తానని అన్నాడు. తాతయ్య అరుగు దిగి నిలబడి, వీధిలో పోయేవాళ్లకు కూడా వినబడేలా మాట్లాడాడు. "భూతల్లి పట్టలే అన్నా. పిల్లగాడు దీపం దించుమన్నడు, నేను దించలే. నా తాడు మొగోని ఎత్తుకు కోసింది. పెద్దోడైతే వంగుతడు, ఊపిరాడకుంటె లేస్తడు, లేస్తె గాలి దొరుకుతది. పిల్లగాడు లేసి నిలబడ్డా ఆ చెడ్డ గాలిలనే ఉంటడు. భూతల్లి మీద ఏస్తె రేపు ఇంకో పిల్లగాన్ని దించుతరు." ఆ పెద్దమనిషి కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. మా అవ్వకు మాత్రం కోపం వచ్చింది. పరాయివాళ్ల ముందు అలా ఒప్పుకోవలసిన అవసరం ఏమొచ్చిందని లోపల గొణిగింది.

అప్పటినుంచి ఊళ్లో ఎవరు పాతర తీసినా మా తాతయ్య అక్కడ ఉండేవాడు. కబురు రాకపోయినా పోయేవాడు. చేతిలో కందీలు, భుజం మీద ఆ ముడివేసిన తాడు. దొరకని గ్యాస్‌నూనెను మా ఇంట్లో పొదుపు చేసి ఊరి పాతరలకు తగలేస్తున్నాడని అవ్వ సాధించేది. మొదట్లో తమ్ముడిని కూడా చంకన వేసుకుని తీసుకుపోయాడు. వాడిని పాతర మూతి పక్కన కూర్చోబెట్టి, చూడండి, నా తాడు చాలక వీడు ఇలా అయ్యాడని చెప్పేవాడు. నలుగురూ తన కాలు వంక, చేయి వంక చూస్తుంటే వాడు తల వంచుకునేవాడు.

ఆ సంగతి అమ్మకు తెలిసింది. ఆ రోజుల్లో కోడలు మామతో ముఖాముఖి మాట్లాడేది కాదు. తలుపు చాటు నుంచి, పిల్లలను మధ్యన పెట్టుకుని మాట్లాడేది. అమ్మ ఆ రోజు తలుపు దాటి వాకిట్లోకి వచ్చింది. "నా కొడుకును ఊరికి సూపెట్టుకుంట తిరగొద్దు మామా. వాడు బొమ్మ కాదు" అంది. గొంతు పెద్దది చేయలేదు. తాతయ్య తమ్ముడిని మెల్లగా దించి అమ్మ వైపు నడిపించాడు. "తప్పయింది బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత వాడిని ఎప్పుడూ తీసుకుపోలేదు. జరిగింది నోటితోనే చెప్పేవాడు, ప్రతి ఇంటి దగ్గరా మొదటి నుంచి చివరి దాకా. చెప్పడం ఆయనకు అలవాటు కాలేదు, ప్రతిసారీ ఒకే చోట ఆగి, తాడు ముడి తడుముకుని, మళ్లీ అందుకునేవాడు.

అమ్మ మాత్రం ఆ ఒక్క మాట తర్వాత మామతో మళ్లీ మాట్లాడలేదు. బయటివాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు, మాట్లాడని కోడళ్లు ఊరినిండా ఉన్నారు. మాకు తెలుసు. అంతకుముందు మజ్జిగ కావాలా మామా అని తలుపు చాటు నుంచి తనే అడిగేది. తర్వాత గ్లాసు నా చేతికిచ్చి పంపేది. సేవలో లోటు చేయలేదు, మాటే ఆపేసింది. తాతయ్య గ్లాసు అందుకుని తలుపు వైపు ఒకసారి చూసి తాగేవాడు.

ఊరికి రానురాను ఆయన నవ్వులాటైపోయాడు. కందీలు తాత వస్తున్నాడని పిల్లలు ముందే పరుగెత్తి చెప్పేవారు. నిజం చెప్పాలంటే ఆయన దించిన దీపం చాలాసార్లు అడుగు దాకా వెలుగుతూనే ఉండేది. వెలుగుతోంది కదా, ఇక దించుదామని ఇంటివాళ్లు అంటే, వెలిగినా పిల్లలను దించవద్దు అనేవాడు. పొడవు కర్రకు చిప్ప కట్టి పైనుంచే తోడించేవాడు, మిగిలిన గింజలు మిగలనీ అనేవాడు. పెద్దవాళ్లు విసుక్కునేవారు. పిల్లలకైతే ఒడి జొన్నలు పోయాయని ఏడుపు. అందుకూ ఆయన ఉపాయం ఆలోచించాడు. పంచె కొంగులో మా ఇంటి జొన్నలు మూట కట్టుకుని పోయి, దిగవలసిన పిల్ల ఎవరో కనుక్కుని ఆ ఒడిలో పోసి వచ్చేవాడు. దిగకుండానే బెల్లం దొరికితే దిగుతామని మారాం చేసే పిల్లలెవరు?

ఆయన బతికి ఉన్నన్నాళ్లూ మా ఊరి పాతరల్లో ఇంకే పిల్లకూ ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే ఆయనకు ఎదురు తిరిగింది. ఇన్నేళ్లలో ఏమైంది, ఏమీ కాలేదు, ముసలాయనది చాదస్తం అనేవారు. నాకు ఈ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పడిపోయిన పిల్లవాడు అందరికీ కనబడతాడు. పడకుండా ఆగిన పిల్లలు వీధిలో ఆడుకుంటూ ఉంటారు, వాళ్లను చూపించి ఇదిగో వీళ్లను నేను కాపాడానని ఎలా చెప్పుకోవాలి? ఆయన చెప్పుకోలేదు. ఎవరు నవ్వినా పోవడం మానలేదు.

నాకు పెళ్లీడు వచ్చేసరికి తాతయ్య పోయాడు. ముసలితనంతోనే పోయాడు. ఆఖరి రోజుల్లో అమ్మ అన్నం కలిపి పెట్టింది, కాళ్లు ఒత్తింది. మాట మాత్రం కలపలేదు. ఎన్నోసార్లు ఆమె నోటి దాకా ఏదో వచ్చి ఆగడం నేను చూశాను. కొద్దిగా తేరుకున్నాక చెబుదామని అనుకుందేమో. ఆయన తేరుకోలేదు.

దినాలన్నీ అయిపోయి ఇల్లు ఖాళీ అయ్యాక ఎదురింటి వాళ్లు పాతర తీశారు. చూరుకు వేలాడే కందీలు వంక ఎవరూ చూడలేదు. మా నాయన కూడా చూడలేదు, ఆయనకు ఆ పాతర మాటే పడేది కాదు. అమ్మ చేతిలో ఉన్న చేట పక్కన పెట్టింది. కందీలు తీసి చిమ్నీ తుడిచి, నూనె పోసింది. తాడు భుజాన వేసుకుంది. కొంగులో జొన్నలు కట్టుకుంది. నన్ను రమ్మంది. మగవాళ్లు నిలబడ్డ చోటికి అమ్మ అలా నడిచిపోవడం నాకే వింతగా అనిపించింది. పాతర దగ్గర ఎదురింటి వాళ్ల చిన్నపిల్ల నడుముకు తాడు కట్టించుకుని సిద్ధంగా ఉంది. అమ్మ ఎవరినీ అడగకుండా మోకాళ్ల మీద కూర్చుని దీపం అడుగు దాకా వదిలింది. దీపం చక్కగా వెలిగింది.

"ఎలుగుతుంది గద అక్కా, పిల్లను దించుదమా?" అని ఎదురింటామె అడిగింది.

"ఎలిగినా దించొద్దు. మా మామ గట్లనే చెప్పిండు" అంది అమ్మ. తర్వాత తమ్ముడి సంగతంతా చెప్పింది. తను చెలకలో ఉన్నదీ, వాడు దీపం దించమన్నదీ, తాడు చాలనిదీ. అచ్చం తాతయ్య చెప్పినట్టే చెప్పింది. ఒక్కరోజు కూడా ఎదురుగా నిలబడి వినని మనిషి, ప్రతి మాటా ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు. ఆమె కూడా అదే చోట ఆగి తాడు ముడి తడుముకుంది. ఎదురింటాయన లేచి పిల్ల నడుముకు ఉన్న తాడు విప్పాడు. అమ్మ కొంగులోని జొన్నలు ఆ పిల్ల ఒడిలో పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు వీధి మధ్యలో అమ్మ నిలబడిపోయింది. "నేను తప్పు పట్టలేదని మామకు ఒక్క మాట చెప్పకపోతిని బిడ్డా. ఎప్పుడో పోయింది నా కోపం. చెప్పుడే మిగిలింది" అంది. కందీలు నా చేతికిచ్చి కొంగుతో ముఖం కప్పుకుంది. నేను ఆమె చేయి పట్టుకుని ఇంటికి తీసుకువచ్చాను. ఆమె బతికినంతకాలం ఆ పని మానలేదు. నన్ను అత్తవారింటికి పంపాక తమ్ముడే ఆమెతో పోయేవాడట, తన ఇష్టంతోనే. అమ్మ చెబుతుంటే మాట తట్టని చోట వాడు అందించేవాడని విన్నాను.

తమ్ముడూ వెళ్లిపోయి చాలాకాలమైంది. పాతరలు పూడిపోయాయి. ఇప్పుడు నేను ఎవరింటికి వెళ్లినా, కుర్చీ వేసినా, పసిపిల్లలున్న ఇల్లయితే ముందు నేల మీద కూర్చుంటాను. ముసలామెకు కుర్చీ పడదనుకుంటారు. అక్కడి నుంచి చూస్తే పొయ్యి మీద గిన్నె కాడ ఎటు తిరిగి ఉందో, నీళ్ల తొట్టి అంచు ఎంత దగ్గరో, పెద్దవాళ్ల కళ్లకు ఆననివెన్నో కనబడతాయి. మోకాళ్లు సహకరించని రోజున ఆ పిల్లనే పిలిచి, నీకేం కనబడుతోందో చెప్పు తల్లీ అని అడుగుతాను, చెప్పిందాన్ని చివరి దాకా వింటాను. ఆ తర్వాత ఇంటివాళ్లతో నాకు తోచింది చెబుతాను. కొందరు వింటారు, కొందరు నా వెనక నవ్వుకుంటారు. నవ్వినా నేను లేచి రాను. దగ్గర కూర్చోబెట్టుకుని మా తమ్ముడి సంగతి మొదటి నుంచి చెబుతాను. వాడు దీపం దించమన్న చోటికి వచ్చేసరికి నా చేయి కూడా ఇప్పుడు లేని ఆ తాడు ముడి కోసం తడుముకుంటుంది. తర్వాత మిగిలింది కూడా చెప్పేస్తాను.